సర్వోత్తమ స్పంజిక వర్ణన

ఆ ఉదయం ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. పడమట కొండల మీద నల్లగా దిగబడి కూర్చుంది. తూర్పున సముద్రం మీద కాస్త తెరిపి ఇచ్చింది. నడుమ మాత్రం కురిసేదీ లేదు, తొలిగేదీ లేదు. మొగలిరేవు జాలరి గరికిన దానయ్య ఒకసారి తలెత్తి చూసి, "ఇదీ మీ ఆపీసు లాగే ఉన్నాది బాబూ. ఔననదు, కాదనదు" అంటూ పడవని నీళ్ళలోకి నెట్టాడు.

పడవలో ఉన్న దాలినాయుడు అంచు పట్టుకుని సర్దుకు కూర్చున్నాడు. అతను దేనికీ తొందరగా జవాబు చెప్పే మనిషి కాడు. పట్నంలో సముద్ర ప్రాణి వర్ణన కేంద్రమని ఒక ప్రభుత్వ కార్యాలయం ఉంది. సముద్రంలో కొత్త ప్రాణి ఏది కనిపించినా అది ఎలా ఉంటుందో రాసి, దానికి పేరు పెట్టి, లోకానికి ప్రకటించడం ఆ కార్యాలయం పని. అందులో దాలినాయుడు పరిశోధన సహాయకుడు. మెట్ట పొలాల మధ్య పుట్టి, ఊరి బడిలో చదివి, ఈతేమో చెరువులో నేర్చినవాడు. ఎంత తక్కువ మాట్లాడతాడంటే, సాయంత్రం అతను గదిలో ఉన్నాడన్న సంగతి మరిచి ప్యూను ఫ్యాను కట్టేసి, తాళం వేసుకుని వెళ్ళిపోయిన రోజులున్నాయి.

మొగలిరేవుకి ఎదురుగా నీటి అడుగున ఒక పగడాల గుట్ట ఉంది. జాలర్లు దాన్ని పూలమెట్ట అంటారు. పగడాలు చీకటి పడితే పువ్వుల్లా విచ్చుకుంటాయని ఆ పేరు. చేపలు గుడ్లు పెట్టేది అక్కడ, పిల్లలు దాక్కునేది అక్కడ. పూలమెట్ట బతికున్నంత కాలం మొగలిరేవులో పొయ్యి వెలుగుతుంది. ఇప్పుడా మెట్ట మీద ఎవరో అలికినట్టు ఎర్రగా ఒక పొర పాకుతోంది. పొర పాకిన చోట పగడం తెల్లబడి, తరవాత నల్లబడి చస్తోంది.

గోకి పారేద్దామంటే రూలు అడ్డొచ్చింది. పగడాన్ని ముట్టుకుంటే జైలు. ఆ సంగతి చెప్పడానికే ఫారెస్టు శాఖ శనపతి అనే గార్డుని అక్కడ పెట్టింది. పగడాన్ని ముట్టం బాబూ, దాని మీద ఎక్కి కూర్చున్నదాన్నే గోకుతామని జాలర్లు అర్జీ పెట్టుకున్నారు. "ఫిర్యాదులో పేర్కొన్న ప్రాణికి పేరు లేనందున ఫిర్యాదు స్వీకరించుటకు వీలుపడదు" అని జవాబొచ్చింది. పేరు పెట్టే కార్యాలయం ఎక్కడుందో వెతుక్కుంటూ దానయ్య పట్నం వెళ్ళాడు. అలా దొరికినవాడు దాలినాయుడు.

దాలినాయుడు గాలి సిలిండరు వీపుకి కట్టుకుని మెట్ట మీదికి దిగాడు. పైకి వచ్చేటప్పటికి చేతిలో చిన్న రాతిముక్క, దాని మీద అంటుకుపోయిన ఎర్ర పొర. మందం గోరంత కూడా లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన వెల్లుల్లి వాసన. దాన్ని వేలితో నిమిరి, ఎండకి పట్టి, చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ అతని మొహం పెళ్ళికొడుకు మొహంలా అయింది. అది స్పంజిక, అంటే స్పాంజి జాతి ప్రాణి. ఇప్పటిదాకా ఎవరూ రాయనిది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇతరులు కనిపెట్టినవాటికి కాళ్ళూ మీసాలూ లెక్కపెట్టడమే కాని, తనకంటూ ఒకటి దొరకడం అతనికి ఇదే మొదలు.

దానయ్య ఆ సంబరం ఏమీ పట్టించుకోలేదు. "మీరు పేరెట్టీసినారనుకోండి. తరవాతయినా గోకీనిస్తారా?" అని అడిగాడు.

"పేరొక్కటే చాలదు. ఇది పగడాన్ని చంపుతుందని వర్ణనలో ఉండాలి. ఆ వాక్యం అచ్చయితే నీ అర్జీ కదులుతుంది."

"మరయితే ఆ ఒక్క ముక్కా పెద్దచ్చరాలతో రాయండి బాబూ" అన్నాడు దానయ్య.

దాలినాయుడు ముక్కని రెండు చేసి, రెండు సీసాల్లో వేసి, ఒకటి కార్యాలయంలో అప్పగించాడు. మరోటి, ఎందుకైనా మంచిదని, ఇంట్లో బీరువాలో పెట్టుకున్నాడు. సీసాని నమోదు చేసుకున్న వెంటనే కార్యాలయం తన పని తాను చేసింది. వర్ణనలో ఉన్న ప్రాణిని వర్ణన అచ్చయ్యేదాకా ఎవరూ తాకరాదని శనపతికి ఉత్తర్వు పంపింది. అంతకు ముందు పగడాన్ని ముట్టడమే నేరం. ఇప్పుడు పగడాన్ని తినేదాన్ని ముట్టడం కూడా నేరమైంది.

ఆ కేంద్రంలో ఒక ఆచారం ఉంది. ఉద్యోగం విరమించేవాళ్ళకి పూర్వం వెండి పళ్ళెం ఇచ్చేవారు. పొదుపు ఉత్తర్వులు వచ్చాక పళ్ళెం మానేసి ప్రాణిని ఇస్తున్నారు. అంటే, ఆ ఏడు దొరికిన కొత్త ప్రాణికి విరమించేవారి పేరు పెడతారు. ఖర్చు లేదు, కీర్తి శాశ్వతం. హోదాని బట్టి వరసలున్నాయి. గుమాస్తాలకి పురుగులు. సూపరింటెండెంట్లకి నత్తలు. గెజిటెడ్ అధికారులకి వెన్నెముక ఉన్నవి. స్టోర్ కీపరుకి చేపల మొప్పల్లో నెత్తురు తాగి బతికే జలగ వచ్చింది; ఆయన భార్య సన్మానానికి రాలేదు. డ్రైవరుకి ఒంటికన్ను రొయ్య దొరికితే, నా కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి కదా అని అతను కొన్నాళ్ళు బండి తీయలేదు.

ఆ నెలాఖరుకి విరమించవలసిన వారు సాక్షాత్తు డైరెక్టరు డాక్టర్ సర్వోత్తమరావు గారు. ఏం దురదృష్టమో, ఆ ఏడు సముద్రం వెన్నెముక ఉన్న కొత్త ప్రాణిని ఒక్కదాన్నీ ఇవ్వలేదు. పరిపాలనాధికారి మార్తాండం గారు నోట్ ఫైలు మీద ఇలా రాశారు: "డైరెక్టరు గారికి వెన్నెముక లభ్యం కానందున, లభ్యమైన దానితో సర్దుకొనుట సముచితము." లభ్యమైనది దాలినాయుడి ఎర్ర పొర. దానికి సర్వోత్తమ స్పంజిక అని పేరు ఖరారైంది.

దాలినాయుడు సంతోషించాడు. డైరెక్టరు పేరున్న కాగితం బల్లల మీద ఆగదు, నెలాఖరులోగా అచ్చవుతుంది, దానయ్య అర్జీ కదులుతుంది. అంతవరకే ఆలోచించాడు.

సమావేశం పెట్టారు. మార్తాండం గారు వర్ణన చదవమన్నారు. దాలినాయుడు లేచి, తను చూసింది చూసినట్టు రాసిన కాగితం చదివాడు.

"సర్వోత్తమ స్పంజికకు తనదంటూ ఒక ఆకారం లేదు. ఏ రాతి మీద కూర్చుంటే ఆ రాతి ఆకారమే దానిది. తల లేదు, మెదడు లేదు. ఒళ్ళంతా చిల్లులు. కూర్చున్న చోటి నుంచి కదలదు. కాని అంచులు మాత్రం నిత్యం పక్కవాటి మీదికి పాకుతుంటాయి. రంగు ఎండిన పుండు మీది చెక్కు రంగు. తాకితే దుర్వాసన. బతికి ఉన్న పగడాన్ని కప్పి, ఊపిరాడనివ్వక చంపుతుంది."

స్టెనో అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళింది. లెక్కల గుమాస్తా బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగి, మళ్ళీ లేవలేదు. డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

"ఇది నేనెక్కడో విన్నట్టుందే" అన్నారు.

మార్తాండం గారు లేచి నిలబడ్డారు. సదరు వర్ణన శాస్త్రీయముగా ఎట్లున్నప్పటికీ, నామధేయుల గౌరవ దృష్ట్యా పునఃపరిశీలించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నదని చెప్పారు. ఆ పూటే వర్ణన గౌరవ పరిరక్షణ ఉపసంఘం ఏర్పాటైంది. నలుగురు గెజిటెడ్ అధికారులు, రెండు పళ్ళేల పకోడీలు. దాలినాయుడిది పక్కన నిలబడి సమాధానాలు చెప్పే పని.

ఉపసంఘం పద్ధతిగా పనిచేసింది. ఆకారం లేదన్న చోట "పరిస్థితులకు అనుగుణంగా మలచుకొను నేర్పు కలదు" అని దిద్దారు. తల లేదన్నది కొట్టేసి "అహంకార రహితము" అన్నారు. మెదడు లేదన్న మాట దగ్గర మధ్యాహ్నం దాకా ఆగిపోయారు. చివరికి ఒకాయన "ఆలోచన వికేంద్రీకరింపబడినది" అంటే మిగతా ముగ్గురూ ఆయన చేయి పట్టుకుని ఊపారు. చిల్లులు పారదర్శకత అయ్యాయి. కదలదన్నది స్థితప్రజ్ఞత అయింది. దుర్వాసన సువాసన కావడానికి రెండక్షరాల కన్నా ఎక్కువ పట్టలేదు. పుండు చెక్కు రంగు గులాబీ వర్ణమైంది. పలచగా ఉండడం హోదాకి తగదు కనుక "బొద్దుగా, చూడ ముచ్చటగా" ఉంటుందని రాసుకున్నారు.

దాలినాయుడు అన్నిటికీ ఊరుకున్నాడు. పగడం వాక్యం వచ్చింది.

"చంపుతుంది అనే పదం బాగాలేదోయ్" అన్నారు మార్తాండం గారు.

"చంపుతుంది కదండీ."

"డైరెక్టరు గారు ఎవరినైనా చంపారా?"

"ఆయన కాదండీ. స్పంజిక."

"ఇద్దరి పేరూ ఒకటే అయ్యాక నువ్వు విడదీస్తే ఎలాగయ్యా?"

దాలినాయుడు ఆ రోజు మాట్లాడినంతగా ముందెన్నడూ మాట్లాడలేదు. మొగలిరేవు సంగతి చెప్పాడు, అర్జీ సంగతి చెప్పాడు. మిగతా కాగితమంతా మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి, ఈ వాక్యం ఒక్కటీ నాకు వదిలేయండి అన్నాడు. నలుగురూ ఓపిగ్గా విన్నారు. విని, ఆ వాక్యాన్ని "పగడములను వాత్సల్యముతో అక్కున చేర్చుకొనును" అని దిద్ది, పకోడీలు మళ్ళీ తెప్పించారు.

అచ్చుకి వెళ్ళే ముందు ఇంకో గండం ఉంది. ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చి, వర్ణననీ నమూనానీ పక్కపక్కన పెట్టి, రెండూ కలుస్తున్నాయని సంతకం చేయాలి. ఆయన వచ్చారు. కాగితం చదివారు. సీసా చూశారు. మూత తీసి, ముక్కు మూసుకుని, మూత పెట్టారు.

"కలవలేదు" అన్నారు.

అందరూ దాలినాయుడి వంక చూశారు. అతనికి ప్రాణం లేచి వచ్చింది. ఇక కాగితం దిద్దుతారు, తను చూసింది మళ్ళీ కాగితం మీదికి వస్తుంది అనుకున్నాడు. తనిఖీ అధికారి చాలా నిదానస్తుడు. రెండు వస్తువులు కలవకపోతే వాటిలో ఒకటి తప్పయి ఉండాలని చెప్పి, విచారణ మొదలుపెట్టారు. వర్ణన మీద నలుగురు గెజిటెడ్ అధికారుల సంతకాలున్నాయి. నమూనా మీద ఎవరి సంతకమూ లేదు. కనుక తప్పు నమూనాది. "సమర్పించబడిన ప్రాణి నకిలీదిగా తేలినందున తిరస్కరించడమైనది. అట్టి ప్రాణి సముద్రమునందు లేదు. వర్ణనకు సరిపోవు అసలు ప్రాణిని సత్వరమే సేకరించి సమర్పించవలెను" అని ఉత్తర్వు రాసి, సంబంధించిన శాఖలన్నిటికీ నకళ్ళు పంపించారు. సీసాలోది సింకులో ఒంపేశారు.

దాలినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గులాబీ రంగులో, బొద్దుగా, సువాసనతో, అహంకారం లేకుండా, పగడాలని ప్రేమించే స్పంజిక కోసం సముద్రంలో ఎక్కడ మునగాలో చెప్పమని అతను అడగలేదు. అడిగినా ఒక ఉపసంఘం వేసేవారు.

నెలాఖరు ముంచుకొచ్చింది. పందిరి వేశారు, పూలదండలు తెచ్చారు, ప్రాణి మాత్రం లేదు. సన్మానం ముందు రోజు సాయంత్రం మార్తాండం గారు కారు ఆపించి, బజారులో ఫ్యాన్సీ షాపులోకి వెళ్ళి, ఒళ్ళు రుద్దుకునే స్పాంజి ఒకటి కొనుక్కొచ్చారు. గులాబీ రంగుది. గుండ్రంగా ముద్దొస్తోంది. సబ్బుల పక్కన చాలాకాలం ఉన్నందువల్ల మల్లెపూల వాసన వేస్తోంది.

తనిఖీ అధికారి దాన్ని చూడగానే కుర్చీలోంచి లేచారు. వర్ణనలోని ఒక్కొక్క మాటా చదువుతూ దాన్ని తిప్పి తిప్పి చూశారు. తల లేదు, అహంకారం కనిపించలేదు. చిల్లులున్నాయి, అవతలి వెలుగు కనిపిస్తోంది. పగడం మాటేమిటని ఆయన అడిగితే, ఆవరణలోని గాజు తొట్టిలో పగడం మీద దాన్ని పెట్టి భోజనానికి వెళ్ళారు. తిరిగొచ్చి చూస్తే పగడానికి ఏమీ కాలేదు. వాత్సల్యం రుజువైంది. చివరగా గుప్పిట్లో గట్టిగా నొక్కి వదిలారు. అది మళ్ళీ బొద్దుగా లేచింది. ఆయన ముచ్చటపడి, "ఎంతటి ఒత్తిడి వచ్చినను యథాస్థితికి వచ్చును" అని వర్ణనకి తన వంతుగా ఒక వాక్యం చేర్చారు.

సన్మానం ఘనంగా జరిగింది. స్పాంజిని వెల్వెట్ గుడ్డ మీద పెట్టి డైరెక్టరు గారి చేతికి ఇచ్చారు. ఆయన దాన్ని వాసన చూసి, కళ్ళు ఒత్తుకుని, ఇన్నేళ్ళ సేవలో తనని ఇంత బాగా అర్థం చేసుకున్నది ఈ వర్ణన ఒక్కటే అన్నారు. అచ్చయిన కాగితంలో కనిపెట్టినవాడి స్థానంలో దాలినాయుడి పేరుంది. అతని ప్రమోషన్‌కి అది పనికొస్తుందని మార్తాండం గారు భుజం తట్టి చెప్పారు.

ఆ వారమే దానయ్య పట్నం వచ్చాడు. ఎవరో ఆ అచ్చు కాగితం అతనికి చదివి వినిపించారు. ఆవరణలో దాలినాయుడి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నెమ్మదిగా అడిగాడు.

"అక్కున సేర్సుకుంతాదా బాబూ అది? మా మెట్ట సగం సచ్చిపోనాది. మీ కళ్ళతో మీరు సూసినారు గదా."

దాలినాయుడు నేల చూశాడు.

"అందుకే అడిగినాను, పెద్దచ్చరాలతో రాయమని" అన్నాడు దానయ్య. కోపంగా కూడా అనలేదు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, బస్సుకి వేళయిందని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దాలినాయుడు ఇంటికొచ్చి బీరువా తెరిచాడు. సీసా అక్కడే ఉంది. ఎర్ర పొర రాతిని అంటుకుని చెక్కు చెదరకుండా ఉంది. దీన్ని పైరాష్ట్రం పండితులకి పంపితే వాళ్ళు ఒక్క చూపుతో నిజం చెబుతారు. స్పాంజి బండారం బయటపడుతుంది. ఎర్ర స్పంజిక కొత్త జాతిగా నిలబడుతుంది, కనిపెట్టినవాడిగా అతని పేరు నిజంగా నిలబడుతుంది. ఉద్యోగం ఏమైనా కానీ, అతనికి కావలసింది అదొక్కటే.

సీసా చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. పంపితే ఏమవుతుంది? వాళ్ళ మాట మీద అప్పీలు నమోదవుతుంది. ప్రాణి మళ్ళీ వర్ణనలోకి వస్తుంది. వర్ణనలో ఉన్న ప్రాణిని ముట్టరాదు. ప్రధాన కార్యాలయం వారు, వారి ఉపసంఘం వారు, వారి పకోడీలు. తేలేటప్పటికి మెట్ట మీద కాపాడడానికి పగడం మిగలదు.

పంపకపోతే? తనిఖీ అధికారి ఉత్తర్వు ప్రకారం ఆ ఎర్ర పొర సముద్రంలోనే లేదు. లేనిదాన్ని ముట్టుకోవద్దని చెప్పే రూలు ఏ శాఖలోనూ లేదు.

అతను లేచి, పెరట్లోకి వెళ్ళి, సీసా బోర్లించాడు. రాతిముక్క ఆరిపోవడానికి గోడ మీద పెట్టాడు. మర్నాడు సెలవు పెట్టి మొదటి బస్సుకి మొగలిరేవు వెళ్ళాడు.

దానయ్య గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. దాలినాయుడిని చూసి లేవలేదు. దాలినాయుడు చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. గోకిన పెచ్చు ఒక్కటి కూడా నీళ్ళలో వదలొద్దు, వదిలితే పడిన చోట మళ్ళీ మొలుస్తుంది, బుట్టల్లో పైకి తెచ్చి ఇసక మీద ఎండబెట్టాలి అన్నాడు. దానయ్య చేతిలోని దారం ముడేసి, నోటితో తెంపి, లేచి పక్కిళ్ళవాళ్ళని కేకేశాడు.

పొద్దుపోయేదాకా గోకారు. గోకే పనిముట్లలో కొబ్బరి కోరు దగ్గర్నించి పడవ అడుగు గీసే బద్ద దాకా ఉన్నాయి. దాలినాయుడు అందరికన్నా ముందు దిగి, అందరికన్నా చివర పైకొచ్చాడు. ఎక్కడ గోకాలో, ఎక్కడ బతికున్న పగడం అంచు మొదలవుతుందో నీళ్ళలో వేలితో చూపిస్తూ తిరిగాడు. తను కనిపెట్టినదాన్ని తన చేత్తోనే బుట్టలోకి ఎత్తాడు.

మధ్యలో శనపతి ఇంకో పడవలో వచ్చాడు. జేబులోంచి కాగితాలు తీసి, ఏం గోకుతున్నారని అడిగాడు. ఏదో ఎర్రగా ఉన్నాది బాబూ అన్నారు. శనపతి బుట్టలోకి తొంగిచూశాడు.

"ఇది సర్వోత్తమ స్పంజిక కాదు గదా?"

"మీ కాయితంలో అది ఎలాగుంతాదన్నారు?" అని దానయ్య అడిగాడు.

శనపతి చదివాడు. గులాబీ రంగు. బొద్దు. సువాసన. బుట్టలోకి వంగి వాసన చూసి, వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాడు. ఇది అది కాదని ఒప్పుకున్నాడు. మరి ఇదేమిటని ఇంకో కాగితం వెతికాడు. ఆ ఎర్రది సముద్రంలో లేదని దాంట్లో ఉంది. లేనిదాన్ని గోకినందుకు ఏ సెక్షను కింద కేసు రాయాలో తెలియక, రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు విప్పి, బుట్ట రెండో చెవి పట్టుకుని ఒడ్డుకి మోశాడు.

ఒడ్డున ఇసక మీద ఎర్ర పెచ్చులు పరిచారు. దానయ్య భార్య నూకాలు దబర గిన్నె నిండా అన్నం, నెత్తళ్ళ చేపల పులుసు తెచ్చింది. నీటి అడుగున సగం మెట్ట శుభ్రపడింది. అప్పటికే చచ్చిన మిగతా సగం మీద పగడం మళ్ళీ మొలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. దాలినాయుడు ఎండుతున్న పెచ్చుల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. దానయ్య తన కంచంలోని పెద్ద నెత్తళ్ళు ఏరి అతని కంచంలో వేశాడు. శనపతి ఉప్పు అందించాడు. అందరూ తల వంచుకుని తిన్నారు.